అన్నానికీ ఆయుధానికీ ఒకటే పట్టు

సైన్యంలో చేరిన తొలి ఏడాదిలోనే రసాయన దాడి నుంచి తప్పించుకునే శిక్షణ ఇచ్చారు మాకు. ముఖానికి బిగుతుగా రబ్బరు ముసుగు, దానికి బిగించిన ఒక గుండ్రటి డబ్బా. హెచ్చరిక వినగానే ఊపిరి బిగబట్టి, క్షణాల్లో ముసుగు తగిలించుకోవాలి. ఒకరోజు వాడేసిన డబ్బాను కోసి లోపల ఏముందో చూపించారు. నల్లటి బొగ్గు రవ్వలు. అంతే. మరి పీల్చిన గాలిలోని విషం ఎక్కడికి పోతుందని అడిగాను. ఎక్కడికీ పోదని, బొగ్గు ఒంటికి అంటుకుని అక్కడే ఉంటుందని, అంటుకునే చోటు నిండిపోయాక డబ్బా పనికిరాదని, దానికి గడువు పెట్టింది అందుకేనని మా శిక్షకుడు చెప్పారు.

వాయువు ఘనపదార్థాన్ని పట్టుకుని ఉండిపోవడం అనే ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. తర్వాత తీరిక దొరికినప్పుడల్లా దాని గురించి చదువుతూ పోతే ప్రతి దారీ ఒకే మనిషి దగ్గరికి చేరింది. ముసుగు, ఆ ముసుగు ఆపాల్సిన విషవాయువు, ఫిరంగి గుండులోని మందు, మన పొలాల్లో చల్లే యూరియా... ఈ నాలుగింటి వెనకా ఉన్నాడాయన. పేరు ఫ్రిట్జ్ హేబర్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త. కన్నుమూసి తొమ్మిది దశాబ్దాలు దాటింది. దేశ భద్రత గురించి ఆలోచించేవారు ఆయన జీవితాన్ని ఒకసారైనా చదవాలని నేను నమ్ముతాను. దేశానికి శాస్త్రవేత్త ఎంత ఇవ్వగలడో, ఎక్కడ ఆగాలో, ఆగకపోతే ఏమవుతుందో అందులో కనిపిస్తుంది.

రంగుల వ్యాపారి కొడుకు

హేబర్ 1868 డిసెంబరు 9న బ్రెస్లావులో పుట్టాడు. అప్పట్లో అది ప్రష్యా నగరం. ఇప్పుడు పోలండ్‌లోని వ్రోట్స్‌వాఫ్. యూదు కుటుంబం. తండ్రిది రంగులు, మందుల వ్యాపారం. బిడ్డ పుట్టిన మూడు వారాలకే తల్లి చనిపోయింది. తండ్రి కొడుకును వ్యాపారంలోకి దింపాలని చూశాడు కానీ కొడుకు మనసు ప్రయోగశాల మీదే ఉంది. ఆనాటి జర్మనీలో విశ్వవిద్యాలయ పదవులు యూదులకు అంత తేలిగ్గా దక్కేవి కావు. హేబర్ 1892లో క్రైస్తవం తీసుకున్నాడు. తాను అందరికంటే ముందు జర్మన్ పౌరుడినని చాటుకోవాలన్న తపన ఆయనలో అప్పటి నుంచే ఉంది. జీవితమంతా ఆయన్ను నడిపింది అదే, చివరికి ముంచిందీ అదే.

1894లో కార్ల్స్‌రూహేలో చిన్న ఉద్యోగిగా చేరి, పన్నెండేళ్లలో పూర్తి ఆచార్యుడయ్యాడు. 1901లో క్లారా ఇమర్‌వార్‌ను పెళ్లి చేసుకున్నాడు. బ్రెస్లావు విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన మొదటి మహిళ ఆమె. ఆమె పట్టా కూడా రసాయన శాస్త్రంలోనే. మరుసటి ఏడాది కొడుకు హెర్మన్ పుట్టాడు. ఆ తర్వాత ఆమె పరిశోధన ఇంటిపనిలో కలిసిపోయింది.

ఆ కాలంలో యూరప్‌ను వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. పంటకు నత్రజని కావాలి. పేలుడు పదార్థానికీ నత్రజని కావాలి. రెండింటికీ అందరూ దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారిలో తవ్వే సురేకారం మీద ఆధారపడ్డారు. అది ఎప్పటికైనా అడుగంటేదే. గాలిలో దాదాపు 78 శాతం నత్రజనే అయినా అది చేతికి చిక్కేది కాదు. రెండు నత్రజని పరమాణువులు మూడు బంధాలతో ముడిపడి ఉంటాయి. ఒక మోల్ నత్రజనిలో ఆ ముడులన్నీ విప్పాలంటే దాదాపు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. గాలిలో ఇంత నత్రజని ఉండి కూడా అది పంటకు నేరుగా అందకపోవడానికి కారణం ఈ ముడే.

లోహం మీద ఏం జరుగుతుంది?

వేడి పెంచితే ముడి విడుతుంది. అయితే అంత వేడిలో తయారైన అమ్మోనియా కూడా విడిపోతుంది. వేడి తగ్గిస్తే అమ్మోనియా నిలుస్తుంది కానీ చర్య ముందుకు సాగదు. ఈ చిక్కును తప్పించేది లోహం ఉపరితలం. లోహ స్ఫటికం లోపల ఉన్న పరమాణువుకు అన్నివైపులా పొరుగు పరమాణువులు ఉంటాయి. అంచున, అంటే ఉపరితలం మీద ఉన్నదానికి పైవైపు ఎవరూ ఉండరు. దాని బంధాల్లో కొన్ని ఖాళీగా మిగిలిపోతాయి. అటుగా వచ్చిన వాయు అణువును ఆ ఖాళీ బంధాలు పట్టుకుంటాయి. దీన్నే రసాయన అధిశోషణం అంటారు. బొగ్గు రంధ్రాల్లో వాయువు చిక్కుకోవడం చాలావరకు బలహీనమైన ఆకర్షణ. లోహం మీద మాత్రం అది నిజమైన రసాయన బంధం. లోహంలోని ఎలక్ట్రాన్లు నత్రజని అణువులోకి వెళ్లి, దాని మూడు ముడుల్ని సడలిస్తాయి. అణువు రెండుగా చీలి, ఒక్కో పరమాణువు లోహం మీద ఒక్కో చోట కూర్చుంటుంది. హైడ్రోజన్ కూడా అలాగే చీలి పక్కన చేరుతుంది. నత్రజనికి ఒకటి, రెండు, మూడు హైడ్రోజన్లు వరుసగా జతపడగానే అమ్మోనియా తయారై లోహాన్ని వదిలి వెళ్లిపోతుంది.

పంక్తి భోజనాలు చూసినవారికి ఇది కొత్త కాదు. ఎన్ని విస్తళ్లు వేస్తే అంతమందే కూర్చోగలరు. వచ్చినవారు కూర్చోవాలి, తినాలి, లేవాలి. కూర్చోనే కూర్చోకపోతే వండింది వృథా. కూర్చున్నవారు లేవకపోతే రెండో పంక్తికి చోటు లేదు. లోహం పట్టు మరీ వదులైతే నత్రజని చీలదు. మరీ బిగువైతే చీలిన పరమాణువు అక్కడే ఉండిపోయి, కొత్తవాటికి చోటివ్వదు. మంచి ఉత్ప్రేరకం పట్టు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఉపరితలం మీద చోట్లు లెక్కకు ఉంటాయని, వాయువు ఒక పొరగానే వాటిని నింపుతుందని గణితంతో చెప్పినవాడు అమెరికాకు చెందిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఉపరితల రసాయనానికి ఆయనకు 1932లో నోబెల్ వచ్చింది.

హేబర్ తన ప్రయోగాలు చేసేనాటికి ఈ లెక్కలేవీ లేవు. ఆయన, ఆంగ్లేయ సహాయకుడు రాబర్ట్ లె రొసినోల్ కలిసి వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్ల ఒత్తిడిని తట్టుకునే పరికరం కట్టారు. ఒక లోహం తర్వాత మరో లోహం పెట్టి చూశారు. ఆస్మియం పనిచేసింది. 1909 జులై 2న బీఏఎస్ఎఫ్ కంపెనీ మనుషుల ఎదుట ఆ బల్లమీది యంత్రం నుంచి అమ్మోనియా చుక్కలు చుక్కలుగా రాలింది. ఆస్మియం ప్రపంచంలోనే అరుదు కాబట్టి చవకైన లోహం కోసం వెతుకులాట మొదలైంది. కంపెనీలో ఆల్విన్ మిట్టాష్ బృందం వేల పరీక్షలు చేసింది. చివరికి స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం మిగతావాటికంటే బాగా పనిచేసింది. అందులోని మలినాలే దానికి కారణమని తేలింది. ఇనుముకు కొద్దిగా అల్యూమినా, పొటాషియం కలిపితే చాలు. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారం స్థాయికి తీసుకెళ్లాడు. 1913లో ఓపావులో మొదటి కర్మాగారం పని మొదలుపెట్టింది. నేడు ప్రపంచ జనాభాలో దాదాపు సగానికి తిండి పెడుతున్నది ఈ పద్ధతిలో తయారయ్యే ఎరువేనని అంచనా.

గాలి నుంచి తూటా మందు

మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది. 1914 డిసెంబరు 8న ఫాక్లాండ్ దీవుల దగ్గర బ్రిటిష్ నౌకాదళం జర్మన్ నౌకలను ముంచేసింది. చిలీ సురేకారం జర్మనీకి చేరే దారి మూసుకుపోయింది. సురేకారం లేకపోతే నత్రికామ్లం లేదు. నత్రికామ్లం లేకపోతే ఫిరంగి మందు లేదు. ఉన్న నిల్వలు కొన్ని నెలలకే సరిపోతాయి. అప్పుడు జర్మనీని నిలబెట్టింది ఇనుము మీద చీలిన నత్రజనే. ఓపావులోని అమ్మోనియాను నత్రికామ్లంగా మార్చారు. 1917లో ల్యూనాలో ఇంకా పెద్ద కర్మాగారం లేచింది. గాలిని పట్టే విద్య చేతికి రాకపోయి ఉంటే జర్మనీ అంతకాలం పోరాడగలిగేది కాదని చాలామంది సైనిక చరిత్రకారుల అభిప్రాయం. దిగుమతి మీద బతికే సైన్యానికి, సొంత వనరున్న సైన్యానికి తేడా ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలిసి లేదు.

హేబర్ అక్కడితో ఆగి ఉంటే చరిత్ర ఆయన్ను మరోలా గుర్తుపెట్టుకునేది. 1911 నుంచి ఆయన బెర్లిన్ దగ్గర డాలెమ్‌లో భౌతిక రసాయన సంస్థకు అధిపతి. ఆ సంస్థను సైన్యానికి అప్పగించి, క్లోరిన్ వాయువును ఆయుధంగా మార్చే పని స్వయంగా తీసుకున్నాడు. విషవాయువు వెదజల్లే గుండ్లను 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. గుండ్లు వాడకుండా సిలిండర్ల నుంచి గాలివాటాన వదిలితే అక్షరాలా ఉల్లంఘన కాదన్నది జర్మన్ సేనాధిపతుల వాదన. యుద్ధాన్ని త్వరగా ముగిస్తే మరెందరో బతుకుతారన్నది హేబర్ వాదన. నా ఉద్యోగ జీవితంలో కొత్త ఆయుధం గురించి ఎవరు మాట్లాడినా ఈ రెండు వాదనలూ ఏదో రూపంలో వింటూనే వచ్చాను.

1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర దగ్గర, ఆరు కిలోమీటర్ల పొడవునా వేల సిలిండర్ల మూతలు తెరిచారు. సుమారు 150 టన్నుల క్లోరిన్ పసుపుపచ్చని మబ్బులా ఫ్రెంచి కందకాల మీదికి పాకింది. అనుకూలమైన గాలి కోసం వారాల తరబడి కాచుకున్నవారిలో హేబర్ కూడా ఉన్నాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ ప్రాంతంలోకి దిగింది మనవాళ్లే. బ్రిటిష్ భారత సైన్యంలోని లాహోర్ డివిజన్ ఏప్రిల్ 26న ఎదురుదాడికి వెళ్లింది. ఎదురుగా తుపాకులు, ఆపైన వాయువు. ముసుగులు లేవు, ముక్కుకు అడ్డంగా తడిగుడ్డలే. జమాదార్ మీర్ దస్త్ ఆ రోజు తన దళాన్ని నడిపించాడు. బ్రిటిష్ అధికారులంతా పడిపోయాక మిగిలిన జవాన్లను కూడగట్టి, కాల్పుల మధ్యే ఎనిమిదిమంది అధికారులను సురక్షిత ప్రాంతానికి చేర్చడంలో సాయపడ్డాడు. విక్టోరియా క్రాస్ పొందాడు. వాయువు దెబ్బ మాత్రం ఆయన ఒంట్లో ఉండిపోయింది. విషవాయు యుద్ధం మనకు ఎక్కడో జరిగిన కథ కాదు. దాని మొదటి వారంలోనే మన జవాన్లు దాన్ని పీల్చారు.

ఈప్ర ‘విజయం’ తర్వాత హేబర్‌ను కెప్టెన్ చేశారు. మే 2 తెల్లవారుజామున డాలెమ్ ఇంట్లో క్లారా భర్త తుపాకీతో కాల్చుకుంది. ఆమెను ముందుగా చూసింది పన్నెండేళ్ల హెర్మన్. భర్త చేస్తున్న పని ఆమెకు నచ్చలేదని చరిత్రకారుల్లో చాలామంది అంటారు. దాంపత్యంలోని ఇతర బాధలనూ కొందరు గుర్తుచేస్తారు. మరునాడే హేబర్ తూర్పు రంగానికి బయల్దేరి వెళ్లాడు.

అదే సంస్థ ఇటు ముసుగు కూడా తయారుచేసింది. ఆ ముసుగు డబ్బాలో ఒక పొర బొగ్గు. నేను తొలి ఏడాదిలో చూసిన డబ్బాకు పూర్వీకురాలు అదే. 1917లో ఈప్ర దగ్గరే మస్టర్డ్ గ్యాస్ వచ్చింది. ఆ రంగంలో ఒక పక్షం ఎత్తు వేస్తే రెండో పక్షం పైఎత్తు వేసింది. యుద్ధం ముగిసేసరికి రసాయన ఆయుధాల వల్ల దాదాపు 90 వేలమంది చనిపోయారని, పది లక్షలకు పైగా గాయపడ్డారని అంచనా. వాటితో గెలుపు మాత్రం ఎవరికీ దక్కలేదు.

దేశం వదిలేసిన మనిషి

1918 సంవత్సరపు రసాయన నోబెల్‌ను అమ్మోనియాను దాని మూలకాల నుంచి తయారుచేసినందుకు 1919లో హేబర్‌కు ప్రకటించారు. మిత్రదేశాల శాస్త్రవేత్తలు మండిపడ్డారు. జర్మనీ మీద పడిన యుద్ధ పరిహారం తీర్చాలని ఆయన సముద్రపు నీటిలోంచి బంగారం తీయబోయాడు. కొలిచి చూస్తే అందరూ అనుకున్నదానికంటే అందులో బంగారం చాలా తక్కువ. ఆ పని అక్కడితో వదిలేశాడు. 1921 సెప్టెంబరు 21న ఓపావులో గట్టిపడిన ఎరువు గుట్టను వదులు చేయడానికి డైనమైట్ పెట్టగా గుట్టే పేలింది. 500 మందికి పైగా చనిపోయారు. ఎరువుకూ బాంబుకూ మధ్య గోడ ఎంత పలచనో అది చెప్పింది. 2020 ఆగస్టులో బీరుట్ రేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ మళ్లీ అదే చెప్పింది.

1933లో హిట్లర్ ప్రభుత్వం యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం తెచ్చింది. యుద్ధంలో పనిచేసినందుకు హేబర్‌కు మినహాయింపు ఉంది. కానీ తన సంస్థలోని యూదు సహచరులను ఆయనే పంపించేయాలి. ఆ పని చేయనన్నాడు. ఏప్రిల్ 30న రాజీనామా ఇచ్చాడు. నలభై ఏళ్లు తన దేశమనుకున్నది ఆయన్ను యూదుడిగానే లెక్కగట్టింది. కొన్నాళ్లు కేంబ్రిడ్జిలో తలదాచుకున్నాడు. అక్కడ కొందరు శాస్త్రవేత్తలు ఆయనతో చెయ్యి కలపడానికి ఇష్టపడలేదంటారు. పాలస్తీనాలో కొత్త పరిశోధన సంస్థకు రమ్మని పిలుపు వచ్చింది. గుండె జబ్బుతో, 1934 జనవరి 29న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక హోటల్లో ప్రాణం విడిచాడు. ఆయన కోరిక మేరకు క్లారా అస్థికలను ఆయన సమాధిలోనే ఉంచారు.

కథ ఆయనతో ముగిసిపోలేదు. యుద్ధం తర్వాత ఆయన సంస్థ పురుగుల నివారణకు సైనైడ్ వాయువు మీద పనిచేసింది. ఆ పరిశోధనల వరుసలోనే ఇతరులు రూపొందించిన జైక్లాన్-బి అనే మందును నాజీలు ఆష్విట్జ్ గదుల్లో మనుషుల మీద వాడారు. హతుల్లో హేబర్ బంధువులూ ఉన్నారు. కొడుకు హెర్మన్ 1946లో అమెరికాలో ఆత్మహత్య చేసుకున్నాడు.

డాలెమ్ సంస్థకు 1953లో ఫ్రిట్జ్ హేబర్ పేరు పెట్టారు. ఆయన వదిలేసిన ప్రశ్నకు జవాబు చెప్పిన గెర్హార్డ్ ఎర్టల్ తర్వాతి కాలంలో అదే సంస్థకు సారథి అయ్యాడు. నత్రజని ముందు చీలి తర్వాత హైడ్రోజన్‌తో కలుస్తుందా, చీలకుండానే కలుస్తుందా అన్నది అరవై ఏళ్లు తేలలేదు. ఎర్టల్ బృందం గాలి అణువులు దాదాపు లేని శూన్యంలో శుభ్రమైన ఇనుప స్ఫటికాన్ని ఉంచి పరిశీలించింది. వాతావరణ పీడనంలో వంద కోట్లో వంతు మిగిలినా, తాకిన అణువులన్నీ అంటుకుంటే సెకనులో స్ఫటికం నిండిపోతుంది. అంత శూన్యం ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. నత్రజని ముందే చీలుతుందని, చర్యలో ఆలస్యమయ్యే మెట్టు అదేనని తేలింది. స్ఫటికాన్ని ఏ కోణంలో కోశామన్నది కూడా ముఖ్యమే. లోపలి వరుసల పరమాణువులు కూడా బయటికి కనిపించే ముఖం మీద నత్రజని తేలిగ్గా చీలుతుంది. పరమాణువులు ఒత్తుగా పేర్చిన ముఖం మీద అంత తేలిగ్గా చీలదు. పొటాషియం చేరితే ఇనుము మరింత ఉదారంగా ఎలక్ట్రాన్లు ఇస్తుంది. మిట్టాష్ వేల పరీక్షలతో గుడ్డిగా పట్టుకున్నదానికి కారణం అది. ఎర్టల్‌కు 2007లో నోబెల్ వచ్చింది.

మనకేం సంబంధం?

చాలా ఉంది. మొదటిది, సొంత వనరు. 2023-24లో మన దేశం 3.14 కోట్ల టన్నుల యూరియా తయారుచేసింది. మరో 70 లక్షల టన్నులు దిగుమతి చేసుకుంది. దేశంలో తయారయ్యే దానికి కూడా సహజవాయువు కావాలి. అందులో పెద్ద భాగం ఓడల్లో వస్తుంది. ఖతార్ వాయువు హర్ముజ్ జలసంధి దాటి రావాలి. రామగుండంలో మూతపడిన ఎరువుల కర్మాగారం మళ్లీ తెరుచుకోవడం మంచి పరిణామమే. 2022లో జాతికి అంకితం చేసిన ఆ కర్మాగారం కూడా వాయువు మీదే నడుస్తుంది. 1914లో జర్మనీకి చిలీ దారి ఎలాంటిదో నేడు మనకు హర్ముజ్ అలాంటిది. 2023లో ఆమోదం పొందిన హరిత హైడ్రోజన్ మిషన్‌ను పర్యావరణ పథకంగానే చూడకూడదు. నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌తో అమ్మోనియా చేసుకోగలిగితే అన్నం గిన్నెకూ ఆయుధాగారానికీ ఒకేసారి భద్రత. మన క్షిపణుల ఘన ఇంధనంలో ప్రాణవాయువునిచ్చే అమ్మోనియం పర్‌క్లోరేట్‌కూ మూలం అమ్మోనియానే.

రెండోది, కాపలా. 2007లో హైదరాబాద్‌లోని గోకుల్ చాట్, లుంబినీ పార్కుల దగ్గర పేలినది అమ్మోనియం నైట్రేట్ ఆధారిత పేలుడు పదార్థమే. 2012 నిబంధనలు దాని తయారీ, రవాణా, నిల్వలను లైసెన్సు కిందికి తెచ్చాయి. నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. గోదాముల్లో, రేవుల్లో తనిఖీ ఆగకూడదు.

మూడోది, నిగ్రహం. హేబర్ కాలపు మస్టర్డ్ గ్యాస్ ఒకప్పుడు మన దగ్గరా ఉండేది. రసాయన ఆయుధాల ఒప్పందంపై 1993లో సంతకం చేసి, 1997లో నిల్వలను బయటపెట్టి, వెయ్యి టన్నులకు పైగా ఉన్న ఆ విషాన్ని 2009 నాటికి పూర్తిగా ధ్వంసం చేశాం. ఉన్నదాన్ని ఒప్పుకొని వదులుకోవడం బలహీనత కాదు. అదే సమయంలో ముసుగులు, గుర్తింపు పరికరాల మీద గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ చేస్తున్న పని ఆగకూడదు. ఒప్పందాలను గౌరవించని శక్తులు ప్రపంచంలో ఉన్నాయని సిరియా చూపించింది.

హేబర్ చేసిన తప్పు దేశాన్ని ప్రేమించడం కాదు. ఆ ప్రేమ అడిగిందల్లా ఇవ్వాలనుకోవడం, వద్దని చెప్పే హక్కు తనకుందని అరవై నాలుగేళ్లు వచ్చేదాకా గుర్తించకపోవడం. సహచరులను పంపించనని ఆయన రాజీనామా రాసిన ఆ ఏప్రిల్ 30న చూపిన తెగువ, 1915 ఏప్రిల్‌లో చూపి ఉంటే? మన రక్షణ ప్రయోగశాలల్లో చేరే యువ శాస్త్రవేత్తలు, శిక్షణ కేంద్రాల్లో తొలిసారి ముసుగు తగిలించుకునే కుర్రవాళ్లు ఈ ప్రశ్న ఒకసారి వేసుకోవాలి. డబ్బాలో ఏముందని వాళ్లలో ఎవరైనా అడిగితే, శిక్షకులు బొగ్గు గురించే కాక ఈ మనిషి గురించి కూడా చెప్పాలని నా కోరిక.